చెవులు పోయినా శబ్దాన్ని విడువని పంతులు గారు

(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పామిడి)

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ సందర్భంగా మన విశ్రాంత ఉద్యోగుల సంఘం ప్రత్యేక సంచిక తెస్తున్నదనీ, ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పుటలు రాసి ఇవ్వవలసిందనీ కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి అడిగినారు. నాకు చెవులు సరిగా వినపడవు గనుక ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పే లోపలే ఎవరి గురించి రాయాలో నేను నిశ్చయించుకొన్నాను. ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఆ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారికి కూడా నావలెనే చెవులు పోయినాయి. నావి వయసు వల్ల పోయినాయి. ఆయనవి చేసిన పని వల్ల పోయినాయి.

గిడుగు వారి పేరు తెలియని తెలుగువారు ఉండరు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు అని మనమందరం పరీక్షల్లో రాసినాము, పిల్లల చేత రాయించినాము. ముప్పై ఏండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసిన నేను ఆయన గురించి చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఆయన అసలు సంగతి, అంటే మనిషి నోట పుట్టే ధ్వనిని చెవితో పట్టుకొని, దాని నియమాన్ని వెదికిన శాస్త్రజ్ఞుడన్న సంగతి, నేను ఉద్యోగ విరమణ చేసి, పొద్దు పోక మన గ్రంథాలయానికి పోయి కూర్చోవడం మొదలుపెట్టిన తర్వాత గానీ నాకు తెలియలేదు. తెలిసిన నాడు సంతోషం కలిగింది. దాని వెంట సిగ్గు కూడా కలిగింది. ఆ సిగ్గు ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆయన కథ.

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరలో ఉన్న పర్వతాలపేట అనే చిన్న ఊళ్ళో పుట్టినారు. చిన్నతనంలోనే తండ్రి జ్వరంతో పోయినారు. విశాఖపట్నంలో మేనమామ ఇంట ఉండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసైనారు. మరుసటి ఏడు, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరినారు. జీతం ముప్పై రూపాయలు. చెప్పవలసింది చరిత్ర. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. మనలో చాలామంది సర్వీసులో ఉంటూ పరీక్షలు రాసిన వాళ్ళమే కాబట్టి, పగలు పాఠాలు చెప్పి రాత్రి దీపం ముందు పాఠాలు చదవడం ఎంత కష్టమో నేను వివరించనక్కర లేదు.

చరిత్ర పంతులు గనుక ముఖలింగం గుడి గోడల మీది శాసనాల పైకి ఆయన చూపు పోయింది. పాత లిపులు తనంతట తానే నేర్చుకొని వాటిని చదివినారు. గాంగ రాజుల గురించి ఇంగ్లీషు పత్రికలలో వ్యాసాలు రాసినారు. శాసనాలు చదివేవాడికి ఒక సంగతి కంటికి కనబడక తప్పదు. ఒకే మాట ఒక శతాబ్దంలో ఒక తీరుగా, తర్వాతి శతాబ్దంలో ఇంకొక తీరుగా చెక్కి ఉంటుంది. నోరు మారినప్పుడు రాత కూడా మారుతూ వచ్చింది. భాష కదలకుండా నిలిచిన రాయి కాదని రాళ్ళే చెప్పినాయి.

ఆ రోజుల్లో పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో సవరలు ఉండేవారు. ఇప్పటికీ శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోనూ, ఒడిశా కొండల్లోనూ ఉన్నారు. వారి భాష తెలుగు కాదు, ఒడియా కాదు. తెలుగు, తమిళం, కన్నడం ద్రావిడ కుటుంబానికి చెందినవి అయితే సవరభాష ముండా కుటుంబానికి చెందినది, సంతాలీ, ముండారీ భాషలకు దాయాది. దానికి అప్పటికి లిపి లేదు, బడి లేదు. వారి మాట కిందివారికి తెలియదు, కిందివారి మాట వారికి తెలియదు. గిడుగు వారు ఆ భాష నేర్చుకోవాలని సంకల్పించినారు. రెండు భాషలూ వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని, అతని దగ్గర శిష్యరికం చేసినారు. పంతులు శిష్యుడైనాడు, చదువు రాని కొండమనిషి గురువైనాడు. ఈ ఒక్క సంగతి చాలు, ఆయన ఎటువంటివారో తెలియడానికి.

ఇక్కడ నా తోటి మిత్రులకు ధ్వనిశాస్త్రం గురించి రెండు మాటలు చెప్పాలి. కొత్త భాష వినేటప్పుడు మన చెవి మనల్ని మోసం చేస్తుంది. మన భాషలో లేని ధ్వని వినపడితే, మన భాషలో దానికి దగ్గరగా ఉన్న అక్షరంగా మార్చి వింటాము. సవరభాషలో గొంతులో గాలి ఒక్క క్షణం ఆగి తెగే ధ్వని ఒకటున్నది. మీరు అ, ఆ అని రెండక్షరాలు విడివిడిగా, ఊది కొట్టినట్లు పలికి చూడండి. రెంటికీ నడుమ గొంతులో ఏదో మూసుకొని తెరుచుకొన్నట్లుంటుంది. మనకు అది లెక్కలోనిది కాదు, దానికి మన యాభై ఆరు అక్షరాల్లో చోటు లేదు. వాళ్ళకు అది భాషలో భాగం. దాన్ని వదిలేసి రాస్తే వాళ్ళ మాటను రాసినట్లు కాదు. ఇటువంటి ధ్వనుల కోసం గిడుగు వారు అంతర్జాతీయ ధ్వనిలిపి తరహా గుర్తులు తీసుకొని వాడినారు. భాషాశాస్త్రంలో పట్టా ఇచ్చే కాలేజీ దగ్గరలో లేని కాలంలో, ఒక జమీందారీ పట్నంలో కూర్చొని పుస్తకాలు తెప్పించుకొని, ఒకరు చెప్పకుండా నేర్చిన విద్య అది.

సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసినారు. సొంత డబ్బుతో బడులు పెట్టించినారు. ఆ కొండల్లో, అడవుల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. ఆ జ్వరానికి అప్పుడున్న మందు క్వినైను. అది ఎక్కువగా తీసుకొన్న ఫలితంగా వినికిడి దెబ్బతిన్నది. ఆ చెవుడు జీవితాంతం ఆయన వెంట ఉన్నది.

ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చొన్నాను. నాకు చెవులు మందగించినప్పటి నుంచి పెండ్లిండ్లకు పోవడం తగ్గించినాను. మనుమరాలు ఫోనులో మాట్లాడితే ఊఁ కొట్టడమే గానీ సగం తెలియదు. మన నెలవారీ సమావేశంలో కూడా డి.ఎ. బకాయిల గురించి ఎవరేమన్నారో పక్కవారిని అడిగి తెలుసుకొంటాను. చెవి మిషను పెట్టుకొంటే ఫ్యాను హోరే ఎక్కువ వినపడుతుంది. ఇక నా పని అయిపోయిందని అనుకొన్న వాణ్ణి. ధ్వనులే వృత్తిగా పెట్టుకొన్న మనిషికి చెవులు పోతే ఎట్లుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అయినా ఆయన ఆగలేదు. 1911లో ఉద్యోగ విరమణ చేసినారు. అప్పటికి వయసు నలభై ఎనిమిది. ఆయన పేరు ఈనాడు దేనికి నిలిచిందో ఆ పనిలో ఎక్కువ భాగం ఆ తర్వాతి ఇరవై తొమ్మిదేండ్లలో జరిగింది.

తెలుగు సంగతి ఎట్లా మొదలైందంటే, 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాల బడులకు తనిఖీ అధికారిగా వచ్చినారు. ఆయనకు కొంత తెలుగు వచ్చు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకున్నదని ఆయనకు అనుమానం కలిగింది. ఈ అనుమానం విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావు గారికీ, గిడుగు వారికీ చేరింది. సవరల నోటి మాట కోసం అన్నేండ్లు కష్టపడిన మనిషి, తన సొంత జనం నోటి మాట బడి గడప దాటి లోపలికి రావడం లేదని అప్పుడు గట్టిగా పట్టించుకొన్నారు.

ఆనాటి పిల్లల కష్టం చూడండి. అరసున్న అనేది ఒకప్పుడు ముక్కుతో పలికిన ధ్వనికి గుర్తు. ఆ పలుకు జనం నోట ఏనాడో పోయింది. గుర్తు మాత్రం వ్యాకరణంలో ఉండిపోయింది. వినపడని దాన్ని ఎక్కడ పెట్టాలో కంఠస్థం చేయాలి, పెట్టకపోతే మార్కులు పోతాయి. బండి ఱ సంగతీ అంతే. చెఱువుకు బండి ఱ అనీ, పేరుకు మామూలు ర అనీ చెవితో తెలుసుకొనే ఉపాయం లేదు, రెండూ ఒక్కటిగానే పలుకుతాము. మరొక వైపు, నోట ఉన్న ధ్వనికి అక్షరం లేదు. చలి, చాప అనేటప్పుడు చ ఒక తీరు, చీమ, చేట అనేటప్పుడు ఇంకొక తీరు. ఈ తేడా ఏ గురువూ చెప్పకుండానే పామిడి సంతలో కూరగాయలు అమ్మే అవ్వ కూడా తప్పు లేకుండా పలుకుతుంది. ఉన్న ధ్వనికి గుర్తు లేదు, లేని ధ్వనికి గుర్తు ఉంది. ఇదీ రాతకూ నోటికీ పడిన ఎడం.

గిడుగు వారు వ్యాకరణం వద్దన్నవారు కారు. ప్రాచీన కావ్యాలు క్షుణ్ణంగా చదివినవారు. జీవద్భాషకు కూడా వ్యాకరణం ఉన్నదనీ, దాన్ని నోటి నుంచి వెదికి తీయాలనీ ఆయన వాదం. గ్రాంథికం రాస్తున్నామనే పండితులు కూడా తమకు తెలియకుండానే తప్పులు రాస్తున్నారని వారి పుస్తకాల నుంచే వందల ఉదాహరణలు ఏరి చూపినారు. 1913లో ఆధునిక తెలుగు గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రకటించినారు. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పెద్దలు అవతలి పక్షాన నిలిచినారు. వారూ తెలుగు మీద ప్రేమతోనే వాదించినారు. ఆ వాదాల్లో గిడుగు పక్షానిది మొదట ఓటమే. 1915లో గురజాడ వారు కన్నుమూసినారు. ఆయనకు కుడిభుజం పోయినట్లైంది.

అయినా 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వ్యావహారిక భాష కోసం సంఘం ఏర్పడింది. అదే ఏడు ఆయన "తెలుగు" అనే పత్రిక పెట్టినారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య సభలో కావ్యాల నుంచీ, శాసనాల నుంచీ, జనం నోటి నుంచీ ప్రయోగాలు చూపుతూ గంటల తరబడి మాట్లాడి సభను ఒప్పించినారు. ఎదుటివారి మాట చక్కగా వినపడని మనిషి, వినని వారి చేత వినిపించుకొన్నారు. శిష్యుడు తాపీ ధర్మారావు గారు 1930లలో "జనవాణి" పత్రికను వాడుక భాషలో నడిపినారు. ఈ రోజు మీరు చదివే పత్రిక, వినే వార్త, మన సంఘం సర్క్యులరు కూడా ఆ దారినే వచ్చినాయి.

ఈ రగడ నడుమ ఆయన సవరభాషను మరువలేదు. మూడు దశాబ్దాలకు పైగా కూడబెట్టిన జ్ఞానమంతా 1931లో సవరభాషా వ్యాకరణంగా మద్రాసు ప్రభుత్వం వారు అచ్చు వేసినారు. అప్పటికి ఆయనకు అరవై ఏడు దాటినాయి. ఆ పుస్తకం పేరులోనే ఆయన పట్టుదల కనపడుతుంది. ఆ జనం తమ భాషను పిలుచుకొనే సోరా అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేయించినప్పుడు, అచ్చులు రెండూ దీర్ఘమని తెలియడానికి ఒక్కొక్కదాని పక్కన రెండేసి చుక్కలు పెట్టించినారు. అట్ట మీద కూడా ధ్వని తప్పకూడదన్నమాట. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. కుమారులు సీతాపతి గారు ఈ కృషిలో తోడు నిలిచినారు. 1934లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, యాభై ఏండ్లకు పైగా ఉన్న ఊరిని విడిచి, డెబ్బై రెండేండ్ల వయసులో రాజమండ్రి చేరినారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూసినారు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెన్న ఒడ్డున ఒక పల్లె బడిలో ఉండగా, గొర్లు కాచే ఇంటి పిల్లవాడు ఒకడు రెండో తరగతిలో ఉండేవాడు. ఆ ఏడు వానలు లేవు, ఏట్లో ఇసుక తప్ప నీళ్ళు లేవు, పిల్లలు సగం మంది పనులకు పోయేవారు. వీడు మాత్రం మానకుండా వచ్చేవాడు. ఒకనాడు వాచకం చదవమంటే "మేక" అన్న చోట "మ్యాక" అని చదివినాడు. పుస్తకంలో ఉన్నట్లు పలకమన్నాను. మళ్ళీ అట్లే పలికినాడు. మూడోసారి బెత్తంతో చేతి మీద కొట్టినాను. నాలుగోసారి వాడు నోరు తెరవలేదు. వారం తిరిగే సరికి బడికి రావడం మానేసినాడు. కరువు వల్ల మానినాడని రిజిస్టరులో రాసుకొన్నాను. నాలో నేనూ అట్లే సమాధానం చెప్పుకొన్నాను.

ఉద్యోగ విరమణ తర్వాత చదివి తెలుసుకొన్నదేమంటే, వాడు తప్పు పలకలేదు. తెలుగులో ఏ అనే అచ్చు తర్వాతి అక్షరంలో అకారం ఉంటే నోరు వెడల్పు చేసుకొని పలుకుతుంది. మేక, పేడ, నేల మన వైపు మ్యాక, ప్యాడ, న్యాల అవుతాయి. తర్వాత ఇకారమో ఉకారమో ఉంటే అట్లా జరగదు. వేడిని వ్యాడి అనీ, పేరును ప్యారు అనీ ఎంత చదువు రానివాడూ అనడు. భాషాశాస్త్రజ్ఞులు గుర్తించిన నియమం ఇది. ఆ ఏడేండ్ల పిల్లవాడు ఆ నియమాన్ని ఒక్క అక్షరం తప్పకుండా పాటించినాడు. నియమం తెలియనివాణ్ణి నేను. ఇంట్లో నేను కూడా మ్యాకే అన్నవాణ్ణి, మా అమ్మ నేర్పింది అదే. బడిలో కుర్చీ ఎక్కగానే అమ్మ మాట తప్పైపోయింది. గిడుగు వారు సవర మనిషి ముందు శిష్యుడుగా కూర్చొన్నారు. నేను ఆ పిల్లవాని నోటి ముందు అట్లా కూర్చోలేకపోయినాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. గిడుగు వారి ఉద్యమం గెలిచింది గానీ, గెలిచిన వాడుక భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకొన్నవారిది. మన అనంతపురం నోరు దానికి బయటే మిగిలింది. మనం వచ్చినాడు అంటాము, వచ్చాడు అని రాస్తాము. ఈ వ్యాసంలో చేసినారు, పోయినారు అని రాసినాను. సంపాదకవర్గం వారు దిద్దకుండా ఉంచుతారని ఆశిస్తున్నాను. ఇది గిడుగు వారి లోపమని నేను అనడం లేదు. ఆయన చూపిన పద్ధతి, అంటే ముందు విను, తర్వాత రాయి, ఆ తర్వాత నియమం వెదుకు అన్న పద్ధతి, మనం మన ఊరి వరకు తెచ్చుకోలేదు, అంతే. మన పామిడిలో తెలుగు ఒక్కటే ఉందా? ఉర్దూ ఉంది, బట్టల పని చేసే కొన్ని ఇండ్లలో మరాఠీ ఉంది, తండాల్లో లంబాడీ ఉంది. 2000 తర్వాతి దశాబ్దంలో మన రాష్ట్ర విద్యాశాఖ గిరిజన పిల్లలకు తెలుగు లిపిలో వారి భాషల వాచకాలు తెచ్చినప్పుడు అందులో సవరా ఉంది, లంబాడీ కూడా ఉంది. గిడుగు వారు సొంత డబ్బుతో మొదలుపెట్టిన పని ప్రభుత్వం చేతికి రావడానికి వందేండ్లు పట్టింది.

మనకు పింఛను వస్తున్నది, పొద్దు ఉన్నది. ఏటా మనం బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చి వస్తాము. ఆ మధ్య కాలంలో ఏం చేస్తున్నామని ఎవరూ అడగరు. నేను ఒక నోటుబుక్కు పెట్టినాను. మా అమ్మ, మా అవ్వ వాడిన మాటలు, వాళ్ళు పలికినట్లే, ధ్వని తప్పకుండా రాస్తున్నాను. వ్యవసాయం మాటలు, వంటింటి మాటలు, తిట్లు కూడా. ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు అయినాయి. కొత్త మాటలు నా చెవికి సరిగా అందవు గానీ, పాతవి లోపల ఇంకా స్పష్టంగానే వినపడుతున్నాయి. మీకు గుర్తున్నవి ఉంటే ఒక కాగితం మీద రాసి నెల సమావేశానికి తీసుకొని రండి. దయచేసి పుస్తకంలో ఉన్నట్లు దిద్దకుండా తెండి.

నా నోటుబుక్కులో మొదటి పుటలో మొదటి మాట మ్యాక. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, ఉంటే అరవై దాటి ఉంటాడు. ఆ మాట వాని దగ్గర నేర్చుకొన్నానని పక్కన రాసి పెట్టుకొన్నాను.